ఎదిగే వయస్సు – ఆటలో శ్రమ

ఫుట్‌బాల్ ఆటగాడు ఆటలో అధికభాగం నడుస్తూనో, మెల్లగా పరుగెడుతూనో ఉంటాడు. బంతి కోసం శక్తినంతా కూడదీసుకొని దూసుకుపోయేది కొద్ది క్షణాలే. ఆ పరుగునే స్ప్రింట్ అంటారు. మొత్తం దూరంలో దాని పాలు స్వల్పమైనా, తొడ వెనుక కండరాలపై అత్యధిక భారం పడేది అప్పుడే.

ఈ వేగాన్ని కొలవడానికి పెద్ద జట్లలో భుజాల నడుమ వీపుపై చిన్న జి.పి.ఎస్. పరికరాన్ని అమర్చుతారు. పెద్దల విషయంలో గంటకు సుమారు 25 కిలోమీటర్లు దాటిన పరుగును స్ప్రింట్‌గా లెక్కించడం వాడుక. ఈ కొలతను పిల్లలకు యథాతథంగా వర్తింపజేయడం అన్యాయం. గరిష్ఠ వేగమే 24 కిలోమీటర్లు గల పన్నెండేళ్ళ బాలుడు ప్రాణం పెట్టి పరుగెత్తినా, ఆ లెక్క ప్రకారం ఒక్క స్ప్రింట్ కూడా చేయనట్లే! శిక్షకుడు అతనిని సోమరిగా భావించి, అలసిన కాళ్ళను మరికొంత పరుగెత్తించే ప్రమాదం ఉంది. అందుచేత ప్రతి బాలుని గరిష్ఠ వేగాన్ని ముందుగా కొలిచి, అందులో 80 లేదా 90 శాతాన్ని హద్దుగా పెట్టుకోవడం మేలు. ఎదిగే పిల్లలలో ఆ వేగం మారుతుంటుంది కనుక, కొన్ని నెలలకొకసారి మళ్ళీ కొలవాలి.

బాలురు సుమారు 14వ ఏట, బాలికలు 12వ ఏట అతివేగంగా పొడవు పెరుగుతారు. ఆ దశలో కండరాలు ఎముకకు అతుక్కునే చోట ఇంకా మృదులాస్థి ఉంటుంది. పరుగులో అది పదేపదే లాగబడినందువల్ల మోకాలి చిప్ప క్రింద, మడమ వద్ద నొప్పి పుడుతుంది. ఎదిగే పిల్లలకు ఇవి మామూలేనని పెద్దలు కొట్టిపారేసే నొప్పులలో ఇవి కూడా ఉంటాయి. ఒకే జట్టులో, ఒకే వయస్సువారిలో ఒకడు ఈ దశను దాటి ఉండవచ్చు. మరొకడు అందులో అడుగే పెట్టకపోవచ్చు.

పరికరాలు కొనలేని మైదానాలకు అమెరికా శాస్త్రవేత్త కార్ల్ ఫాస్టర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఉపయోగపడుతుంది. సాధన ముగిసిన అరగంటకు, ఎంత కష్టమనిపించిందో సున్న నుండి పది వరకు గల అంకెలలో ఆటగాడే చెప్పాలి. ఆ అంకెను సాధన చేసిన నిమిషాలతో గుణించాలి. గంటసేపు సాధన చేసి ఒకడు 4 అంటే భారం 240; మరొకడు 7 అంటే 420. చేసిన సాధన ఒకటే, పడిన శ్రమ వేరు. పది వారాలు వ్రాసి ఉంచిన నోటుపుస్తకంలో ఏ బాలుని అంకె హఠాత్తుగా పెరిగిందో ఇట్టే తెలుస్తుంది. అయితే అందరి ఎదుట అడిగితే, జట్టులో చోటు పోతుందని భయపడే బాలుడు ఏడుకు బదులు నాలుగే అంటాడు. ఈ ప్రశ్నను ఒక్కొక్కరిని విడిగా పిలిచి అడగాలి.