మంటి ఘటం, దైవశక్తి: కొరింథీయులకు రాసిన రెండవ పత్రికలో దేహదౌర్బల్య భావన – తెలుగు అనువాద పదజాలం

1. ఉపోద్ఘాతం

క్రైస్తవ చింతనలో దైవశక్తిని గురించిన చర్చ సాధారణంగా అద్భుతాలతో మొదలవుతుంది. పౌలు కొరింథు సంఘానికి రాసిన రెండవ పత్రిక మాత్రం ఆ శక్తిని వేరొక చోట, అంటే జబ్బుపడే, దెబ్బలు తినే, త్వరలో చనిపోనున్న దేహంలో చూపుతుంది. స్నాతకోత్తర తరగతిలో అనువాద సమస్యలను వివరిస్తూ ఈ పత్రికలోని పన్నెండవ అధ్యాయాన్ని ఉదాహరణగా తీసుకున్నప్పుడు ఒక విద్యార్థిని, “అయితే సర్, రోగం నయం కాకపోవడమే మంచిదని పౌలు అంటున్నాడా?” అని అడిగింది. ఆ రోజు నేను చెప్పిన సమాధానం నాకే తృప్తినివ్వలేదు. ఈ ప్రశ్నకు సమాధానం వేదాంతంలో ఎంత ఉందో, మన తెలుగు అనువాదం ఎంచుకున్న పదాలలోనూ అంతే ఉందని తరువాత తోచింది. మూల గ్రీకు పదాలను, వాటికి తెలుగు బైబిలు వాడిన మాటలను పక్కపక్కన ఉంచి, దేహదౌర్బల్యాన్ని గురించి పౌలు వాదం ఏమిటో, ఏది కాదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. కంచు నగరంలో మట్టిపాత్ర

కొరింథు ధనిక నగరం. రోమన్లు ధ్వంసం చేసిన ఆ పట్టణాన్ని క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ రోమన్ వలసగా పునర్నిర్మించాడు. రెండు సముద్రాల నడుమ వ్యాపారం, సమీపంలో ఇస్త్మియన్ క్రీడలు, వీధుల్లో వక్తృత్వ ప్రదర్శనలు ఆ నగరాన్ని పోటీకి, ప్రతిష్ఠకు నిలయంగా చేశాయి. అక్కడ మాట్లాడేవాడి కంఠం, నిలువు, హావభావాలు కూడా వాదంలో భాగమే. క్రీ.శ. 50ల మధ్యకాలంలో పౌలు ఈ పత్రిక రాసేనాటికి అతనిపై అక్కడ ఒక ఆరోపణ ఉంది. ఉత్తరాలు ఘనంగా ఉంటాయి గాని, మనిషి ఎదుట నిలబడితే శరీరం బలహీనం, మాట తేలిక అన్నది దాని సారం. పదవ అధ్యాయంలో పౌలే ఆ నిందను పేర్కొన్నాడు. కాబట్టి ఈ పత్రికలో దేహదౌర్బల్యం ధ్యానానికి ఎంచుకున్న విషయం కాదు. అతని అర్హతను రద్దు చేయడానికి ప్రత్యర్థులు వాడిన సాక్ష్యం. దానిని అతడు ఖండించలేదు. ఒప్పుకొని, అర్థాన్ని తిరగేశాడు.

నాలుగవ అధ్యాయంలోని ‘మంటి ఘటములు’ అన్న రూపకం ఈ నేపథ్యంలో చదవవలసినది. గ్రీకులో ‘ఒస్త్రాకినోస్’ అంటే కాల్చిన మట్టితో చేసినది. కొరింథు కంచు ప్రాచీన ప్రపంచమంతటా పేరుపొందిన లోహం. ఆ ఊరివారికి కంచుకు, మట్టికి ఉన్న తేడా విడమరచి చెప్పనక్కరలేదు. పౌలు పెరిగిన యూదు సంప్రదాయంలోనూ ఆ తేడా స్పష్టమే. లేవీయకాండం నియమం ప్రకారం పాపపరిహారార్థబలి మాంసం వండిన ఇత్తడి పాత్రను తోమి కడిగితే చాలు, మట్టిపాత్రను మాత్రం పగలగొట్టాలి. మరమ్మతుకు నోచుకోనిది, పోయినా ఎవరూ విచారించనిది మట్టిపాత్ర. అలాంటి పాత్రలో నిధి ఉంటే ఆ విలువ పాత్రదేనని ఎవరూ పొరబడరు. ఆ వాక్యంలోని తర్కం ఇదే.

ఇక్కడ తెలుగు ఎంపికలు రెండు గమనించదగినవి. గ్రీకు ‘థెసౌరోస్’ అంటే దాచిన నిధి. తెలుగు బైబిలు దానిని ‘ఐశ్వర్యము’ అన్నది. నిధి అంటే పాత్రలో దాగే వస్తువు. ఐశ్వర్యం దాగదు, ప్రకటితమవుతుంది. పైగా ఐశ్వర్యం ఈశ్వరభావం. యోగపరిభాషలో అణిమాది సిద్ధులకు అదే పేరు. అందుచేత తెలుగు పాఠకుడికి మట్టికుండలో ప్రభుత్వమే నిండి ఉన్నదన్న ధ్వని వినిపిస్తుంది. మూలంలో లేని ఈ ధ్వని మూలార్థానికి విరుద్ధం కాదు. అనువాదకులు ఉద్దేశించకపోయినా ఇది లాభమేనని నా అభిప్రాయం.

రెండవది ‘ఘటము’. ఈ మాటకు తెలుగులో మనిషి, దేహం అన్న అర్థాలు ఉన్నాయి. ‘మొండి ఘటం’, ‘గట్టి ఘటం’ అని ఇప్పటికీ అంటాం. అద్వైతంలో ఘటాకాశ దృష్టాంతం, తత్త్వగీతాలలో దేహాన్ని తొమ్మిది రంధ్రాల తిత్తిగా, పగిలే కుండగా చెప్పే సంప్రదాయం మన పాఠకుల వెనుక నిలిచి ఉన్నాయి. ఘటం పగిలితే లోపలి ఆకాశం మహాకాశమే అవుతుంది. ఆ దృష్టాంతంలో కుండకు ఏ గతి పట్టిందన్న ప్రశ్న రాదు. తత్త్వగీతాలలో దేహనింద వైరాగ్యానికి మెట్టు. పౌలు ఆ దారిలో వెళ్లడు. తరువాతి వాక్యాలలో యేసు మరణావస్థను ‘నెక్రోసిస్’ అన్న వైద్యసంబంధి పదంతో చెప్పి, దానిని దేహంలో మోస్తున్నామని, అతని జీవం కనిపించవలసినది కూడా చావుకు లోనైన ఈ శరీరంలోనే అని అంటాడు. కుండ పగలడం అతనికి విముక్తి కాదు. ఆ అధ్యాయం దాటగానే కొత్త నివాసం కోసం, అంటే మరొక దేహం కోసం మూల్గుతాడు. ‘ఘటము’ అన్న ఒక్క పదం వినగానే తెలుగు చదువరి మనసు వైరాగ్యం వైపు జారే ప్రమాదం ఉంది కనుక తులనాత్మక అధ్యయనాలలో ఈ భేదం స్పష్టం చేయడం అవసరం.

3. ఒక పదం, మూడు తెలుగు మాటలు

విద్యార్థిని ప్రశ్నకు మూలం ‘అస్థెనేయా’ అన్న పదంలో ఉంది. ‘స్థెనోస్’ అంటే బలం. అది లేనిది అస్థెనేయా. కొత్త నిబంధనలో ఇది రోగానికీ, అశక్తతకూ సమానంగా వాడిన పదం. యోహాను సువార్తలో ముప్పై ఎనిమిదేళ్లుగా కోనేటి దగ్గర పడి ఉన్న మనిషికి ఉన్నది అస్థెనేయాయే. అక్కడ తెలుగు బైబిలు ‘వ్యాధి’ అన్నది. గలతీయులకు రాసిన పత్రికలో పౌలు తన జబ్బును ప్రస్తావించిన చోట ‘దౌర్బల్యము’ అన్నది. కొరింథీయుల రెండవ పత్రికలో ‘బలహీనత’ అన్నది. సందర్భాన్ని బట్టి మూడూ సమర్థనీయమే. కాని ఫలితంగా స్వస్థత పొందినవాడి వ్యాధికీ, స్వస్థత పొందని పౌలు బలహీనతకూ ఉన్న పదబంధుత్వం తెలుగులో తెగిపోయింది.

పైగా నేటి తెలుగులో బలహీనత అంటే ఎక్కువగా స్వభావలోపం. ‘తీపి నా బలహీనత’ అంటాం; ‘వీక్‌నెస్’ అన్న ఆంగ్లపదం కూడా ఆ అర్థంలోనే వాడుకలో స్థిరపడింది. కాబట్టి పౌలు తన బలహీనతలయందు అతిశయపడ్డాడని విన్న శ్రోత వ్యసనాన్నో, నైతికలోపాన్నో ఊహించుకుంటాడు. పౌలు ఇచ్చిన పట్టికలో మాత్రం నిందలు, ఇబ్బందులు, హింసలు, ఉపద్రవాలు ఉన్నాయి, దుర్గుణాలు లేవు.

గలతీయుల పత్రికలో మరొక చిన్న వివరం ఉంది. తన శరీరస్థితిని చూసి గలతీయులు తనను తృణీకరించలేదని చెబుతూ పౌలు వాడిన రెండవ క్రియ ‘ఎక్‌ప్తూఓ’. దాని వాచ్యార్థం ఉమ్మివేయడం. కొన్ని జబ్బులవారు ఎదురైనప్పుడు, కీడు తమకు అంటకుండా ఉమ్మడం ప్రాచీన మధ్యధరా ప్రాంతపు ఆచారం. తెలుగులో అది నిరాకరణగా మాత్రమే మిగిలింది. పాడైన దేహాన్ని చూసినవారు ఉమ్మకుండా నిలబడ్డారన్నది చిన్న మాట కాదు. దౌర్బల్యంలో దైవశక్తి అన్నప్పుడు రోగి సహనాన్నే లెక్కిస్తాం. ఎదుటివారి ప్రవర్తన కూడా ఆ శక్తికి రుజువేనని ఈ క్రియ సూచిస్తున్నది.

4. ముల్లు, గుడారం

‘స్కోలొప్స్’ అంటే పదునైన కొయ్య, ముల్లు. దాన్ని కంటిజబ్బు, మూర్ఛ, చలిజ్వరం, నత్తి, ప్రత్యర్థులు అంటూ వ్యాఖ్యాతలు శతాబ్దాలుగా ఊహించారు. పేరు చెప్పకపోవడం పౌలు ఎంపిక. దానిని గౌరవించడమే పాఠకధర్మం. తెలుగు ‘ముల్లు’ ఇక్కడ చక్కగా అమరింది. వేమన ఏకరువు పెట్టిన నిత్యజీవితపు బాధలలో కాలిముల్లు కూడా ఉంది: ప్రాణం తీయదు, అడుగు వేయనీయదు.

ఆ ముల్లు తొలగాలని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు. ఈ వివరాన్ని దాటవేసిన ఏ వ్యాఖ్యానమైనా అసంపూర్ణం. బాధే మేలని నమ్మినవాడు తీసివేయమని అడగడు. ముల్లును అతడు దేవుని కానుక అని కూడా పిలవలేదు, సాతాను దూత అన్నాడు. అంటే వ్యాధి చెడ్డదే, ప్రార్థన సముచితమే, జవాబు మాత్రం అడిగిన రూపంలో రాలేదు. వచ్చిన జవాబులో మూడు సూక్ష్మాలు ఉన్నాయి. ప్రభువు ‘చెప్పెను’ అన్న చోట గ్రీకులో ఉన్నది గతకాల క్రియ కాదు. అప్పుడు చెప్పిన మాట ఇప్పటికీ నిలిచి ఉన్నదనే భావాన్నిచ్చే క్రియారూపం. తెలుగు ‘చెప్పెను’లో ఆ భావం కనబడదు. రెండవది: బలహీనతలో పరిపూర్ణమయ్యే శక్తి గురించిన వాక్యంలో ‘నా’ అన్న పదం అతిప్రాచీన ప్రతులలో లేదు. తెలుగు అనువాదం ‘నా శక్తి’ అన్న పాఠాన్నే గ్రహించింది. ‘నా’ లేని పాఠాన్ని విడదీసి చదివితే అది కష్టాలు మనిషిని గట్టిపరుస్తాయన్న లోకోక్తిగా మారిపోగలదు. కనుక తెలుగు పాఠం ప్రాచీనత దృష్ట్యా వెనుకబడినా అర్థరక్షణ చేసింది. మూడవది: క్రీస్తు శక్తి తన మీద ‘నిలిచియుండు’ నిమిత్తం అన్న చోట మూలక్రియ ‘ఎపిస్కెనోఓ’. అందులో ‘స్కెనే’, అంటే గుడారం, ఉన్నది. ఇశ్రాయేలీయుల ప్రయాణంలో దైవసన్నిధి దిగిన గుడారం యూదు పాఠకుడికి స్ఫురించక మానదు. బలహీన దేహం మీద శక్తి గుడారం వేసుకుంటుంది, ఇల్లు కట్టుకోదు. తెలుగులో ఈ చిత్రం పోయింది.

మరొక నష్టం కూడా ఉంది. నాలుగవ అధ్యాయంలో శక్తి ఆధిక్యానికీ, పన్నెండవ అధ్యాయంలో దర్శనాల ఆధిక్యానికీ పౌలు వాడినది ఒకటే పదం, ‘హుపెర్బొలే’. అలంకారశాస్త్రంలో ఇదే అతిశయోక్తి. తెలుగులో మొదటిచోట ‘బలాధిక్యము’ అని, రెండవచోట వేరే మాటలతో అనువదించడం వల్ల ఈ ముడి కనబడదు. మట్టిపాత్ర ఎందుకో, ముల్లు ఎందుకో అన్న రెండు ప్రశ్నలకు పౌలు ఒకే పదంతో జవాబిచ్చాడు: రెండుచోట్లా మితిమీరినది ఒకటుంది, అది తనదని మనిషి పొరబడకూడదు.

5. ఎవరి దౌర్బల్యం?

ఈ భావన తెలుగునాట ప్రవేశించిన తీరులోనే దీని చిక్కు ఉంది. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజ్ 1805లో విశాఖపట్నం చేరారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజ్ 1810లో మరణించారు. వారు ఆనందరాయరు సహాయంతో చేసిన అనువాదంలోని మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. మంటి ఘటం రూపకం ఇక్కడ నప్పినట్టే కనిపిస్తుంది: పాత్రలు పగిలాయి, నిధి మిగిలింది. అయితే ఇలా చదివినప్పుడు కథంతా ఇద్దరు ఐరోపావారి దేహాల చుట్టూ తిరుగుతుంది. వాక్యానికి తెలుగు నడకనిచ్చిన ఆనందరాయరు ‘సహాయకుడు’ అన్న ఒక్కమాటలో మిగిలిపోతాడు. ఎవరి దౌర్బల్యం పవిత్రగాథ అవుతుంది, ఎవరి శ్రమ పాదసూచిక అవుతుంది అన్న ప్రశ్న ఈ చర్చకు వెలుపలిది కాదు.

1980లలో దళిత వేదాంతానికి పునాది వేసిన ఏ.పి. నిర్మల్, యెషయా గ్రంథంలోని శ్రమపడే సేవకుని దళితుడైన దేవునిగా చదివాడు. అక్కడ బాధ ఓర్చుకోవలసిన గుణంగా కాక, దేవుణ్ణి తెలుసుకునే స్థానంగా మారింది. వైకల్యంతో జీవించిన అమెరికన్ వేదాంతి నాన్సీ ఐజ్‌లాండ్ 1994లో వెలువరించిన ‘ది డిసేబుల్డ్ గాడ్’ గ్రంథంలో, పునరుత్థానం తరువాత కూడా క్రీస్తు చేతుల మీద గాయాలు ఉండడాన్ని ఆధారం చేసుకున్నది. మహిమ పొందిన దేహంలోనే గాయం మిగిలితే, వైకల్యాన్ని పాపఫలమనో అవిశ్వాస ఫలమనో చెప్పే బోధకు ఆధారం ఉండదు. స్వస్థత కూటాలలో నయం కానివారికి విశ్వాసం చాలలేదని నచ్చజెప్పే మాటలు మన ప్రాంతంలోనూ వినబడుతూనే ఉన్నాయి. ఆ కొలతతో చూస్తే పౌలుదీ విశ్వాసం చాలని కేసే అవుతుంది.

పౌలు వాక్యం ఉత్తమపురుషలో ఉన్నదన్న సంగతి వ్యాకరణం తెలిసిన మనం గుర్తించవలసినది. తన ముల్లును గురించి, తనకు వచ్చిన జవాబును గురించి, తాను దానిని ఎలా స్వీకరించాడో చెప్పాడు. మధ్యమపురుషలోకి మార్చి, ‘నీ బాధలో నీవు ఆనందించు’ అని కొరింథీయులలో ఏ రోగికీ అతడు ఆదేశించలేదు. అదే పత్రిక ఎనిమిది, తొమ్మిది అధ్యాయాలలో యెరూషలేములోని బీదల కోసం చందా పోగుచేయమని పట్టుబట్టినవాడు కూడా అతడే. ఇతరుల లేమి అతని దృష్టిలో దైవశక్తికి వేదిక కాదు, తీర్చవలసిన అక్కర. తరగతిలో ఆ విద్యార్థినికి నేను చెప్పలేకపోయిన సమాధానం ఈ పురుషభేదంలో ఉంది. మరుసటి ఏడు ఆ అధ్యాయాన్ని మళ్లీ పాఠంగా చెప్పినప్పుడు అనువాద పట్టికకు ముందు క్రియల పురుషను నల్లబల్ల మీద రాసి మొదలుపెట్టాను.