కాగితం వీడిన వైద్య పత్రికలు: తొలినాటి సందేహాలు

ఒక కొత్త చికిత్స ప్రాణాలు కాపాడుతుందని పరిశోధకులు నిర్ధారించినా, ఆ సంగతి వైద్యులకు చేరడానికి ఒకప్పుడు నెలలు పట్టేది. నిపుణుల సమీక్ష ముగిసిన వ్యాసం ముద్రణకు వేచి ఉండాలి. ఆపై సంచిక తపాలాలో రావాలి.

ఈ జాప్యాన్ని తగ్గించేందుకు 1992లో అమెరికాలో ‘ఆన్‌లైన్ జర్నల్ ఆఫ్ కరెంట్ క్లినికల్ ట్రయల్స్’ ప్రారంభమైంది. ‘సైన్స్’ వారపత్రికను ప్రచురించే శాస్త్రవేత్తల సంఘం ఏఏఏఎస్, గ్రంథాలయాల సహకార సంస్థ ఓసీఎల్‌సీ దానిని నెలకొల్పాయి. ఆమోదం పొందిన వ్యాసం రోజుల వ్యవధిలోనే చందాదారుల కంప్యూటర్లకు చేరేది. ఇందుకు మోడెమ్, ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అవసరమయ్యేవి.

అయితే రచయితలు వెనుకాడారు. అచ్చులో లేని వ్యాసాన్ని పదోన్నతికి పరిగణిస్తారా? ఇరవై ఏళ్ల తరువాత అది దొరుకుతుందా? అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం తన మెడ్‌లైన్ సూచికలో ఆ పత్రికకు చోటిచ్చినా, తగినన్ని వ్యాసాలు రాలేదు. 1996తో అది ఆగిపోయింది.

అది లేవనెత్తిన ప్రశ్నలకు సమాధానాలు క్రమంగా లభించాయి. 1997లో పబ్‌మెడ్ ద్వారా మెడ్‌లైన్‌ను ఎవరైనా ఉచితంగా వెదికే వీలు కలిగింది. 2000లో మొదలైన పబ్‌మెడ్ సెంట్రల్, పూర్తి వ్యాసాలను భద్రపరచే బాధ్యత చేపట్టింది.

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ 1995లో అందుబాటులోకి వచ్చింది. విదేశీ పత్రికలకు చందా కట్టలేని కళాశాలల వైద్యులు సైతం, కనెక్షన్ ఉన్నచోట, వ్యాస సారాంశాలనైనా చదవగలిగారు. వేగాన్ని కంప్యూటర్ తొలిరోజే ఇచ్చింది. నమ్మకాన్ని మాత్రం సూచికలు, భాండాగారాలు కలిసి ఏళ్ల తరబడి కూడగట్టవలసి వచ్చింది.