నొప్పి నణచు మందు - మనోగాయము

శరీరమునకు తగిలిన గాయము మానినను మనస్సునకు తగిలినది మానక, నిద్రలో సైత మాప్రేలుడే మరల వినవచ్చుచుండుట యుద్ధమునుండి మరలినవారియందు కానవచ్చు వ్యాధి. దీనిని గూర్చి సాన్ డియాగోలోని అమెరికా నౌకాదళ ఆరోగ్య పరిశోధనకేంద్రమువారు 2010లో ప్రకటించిన ఫలితములు గమనింపదగియున్నవి.

ఇరాకులో గాయపడిన 696 మంది సైనికులను వారు పరిశీలించిరి. వీరిలో 243 మందికి ఈ మనోవ్యాధి కలిగెను. తొలి చికిత్సలో మార్ఫీను పొందినవారు, వ్యాధి కలిగినవారిలో నూటికి 61 మంది. కలుగనివారిలో 76 మంది! గాయముల తీవ్రతను లెక్కలోనికి తీసికొన్నను ఈ భేదము నిలిచినదట. భయమును నొప్పియు కూడి జ్ఞాపకమును గాఢముగా ముద్రించుననియు, నొప్పిని వెంటనే యణచినచో ఆ ముద్ర పలుచబడవచ్చుననియు వారి యూహ.

ఇంతమాత్రమున మార్ఫీనే రక్షించెనని రుజువైనట్లు కాదు. మందు ఎవరికీయవలెనో ముందుగా చీట్లువేసి నిర్ణయించిన పరీక్ష కాదిది. అయినను నొప్పి నోర్చుటయే పౌరుషమని క్షతగాత్రుని మూలుగనిచ్చుటను మేము సమ్మతింపజాలము. మార్ఫీనునకు మూలమైన నల్లమందు మన మధ్యప్రదేశ్, రాజస్థానములలోనే లైసెన్సుపై పండుచున్నది. 1985 నాటి చట్టపు నిర్బంధములకు జంకి, పెక్కు ఆసుపత్రులు దానిని నిలువయుంచుటయే మానుకొనెను. 2014లో ఆ చట్టము సవరింపబడినది. మోతాదు మీరిన ఊపిరినే మందగింపజేయు మందగుటచే, దానిని వైద్యుడే యీయవలెను.