ఎడమ పొత్తికడుపు నొప్పి - అన్నీ వాయునొప్పులు కావు

జఫర్‌గఢ్‌లోని మా ఇంట కడుపునొప్పి అనగానే ముందు వాము, ఆ తరువాత ఆముదం బయటికి వచ్చేవి. 52వ ఏట నాకు ఎడమ పొత్తికడుపులో నొప్పి మొదలైనప్పుడు కూడా అదే జరిగింది. వాము నమిలి, వేడినీళ్లు త్రాగి రెండు రోజులు గడిపాను. వాయునొప్పి అయితే అపానవాయువు వెడలగానే చాలావరకు సర్దుకోవాలి. ఇది సర్దుకోలేదు. ఒకేచోట నిలిచి, అడుగు వేస్తే అదిరేది. మూడవనాడు చలితో జ్వరం వచ్చింది. మా అమ్మగారు ఆముదం వెచ్చచేస్తుండగా, పొరుగున ఉండే వృద్ధ వైద్యులు వచ్చి కడుపు తాకి చూశారు. "జ్వరముండగా విరేచనమా? వద్దమ్మా! వెంటనే వరంగల్ తీసుకుపోండి" అన్నారు. అక్కడ సీ.టీ. స్కాన్‌లో బయటపడిన వ్యాధి డైవర్టిక్యులైటిస్.

ఏమిటీ వ్యాధి?

పెద్దప్రేగు గోడలో బలహీనంగా ఉన్నచోట లోపలి పొర బయటికి ఉబ్బి చిన్న తిత్తులుగా ఏర్పడుతుంది. ఇవి సాధారణంగా 5 నుండి 10 మిల్లీమీటర్ల పరిమాణంలో ఉంటాయి. వయసు పైబడినకొద్దీ ఎక్కువగా కనిపిస్తాయి. చాలామందిలో ఏ బాధా కలిగించవు. ఆ తిత్తులు వాచినప్పుడే నొప్పి మొదలవుతుంది.

పక్వాశయం వాతానికి ముఖ్యస్థానమని, మలవేగాన్ని ఆపరాదని ఆయుర్వేదం ఏనాడో చెప్పింది. పీచులేని ఆహారమే ఈ తిత్తులకు మూలమని 1971లో పెయింటర్, బర్కిట్ అనే బ్రిటన్ వైద్యులు వాదించారు. పీచు లోపం ఒక్కటే కాదు, వంశపారంపర్యం, స్థూలకాయం, పొగత్రాగడం, వ్యాయామలోపం కూడా కారణాలని తరువాత తెలిసింది. జొన్నగటక తిన్న మన ఇళ్లలో నేడు మూడు పూటలా తెల్లని బియ్యమే కావడం ఆలోచించదగిన విషయం.

గుర్తించడమెలా?

నొప్పి ఎక్కువగా ఎడమ పొత్తికడుపులో వస్తుంది. ఆసియా దేశాల వారిలో కుడివైపు రావడమూ తరచు ఉన్నదే. అప్పుడు అపెండిసైటిస్ అని పొరబడే అవకాశం ఉంది. నొప్పి ఎడతెగక రోజుల తరబడి ఉంటుంది. జ్వరం, వికారం, మలబద్ధకం లేదా విరేచనాలు తోడు కావచ్చు.

పొట్ట చెక్కవలె బిగుసుకున్నా, వాంతులు ఆగకపోయినా, మలంలో రక్తం పడినా, జ్వరం తీవ్రమైనా క్షణం ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయాలి.

నొప్పి ఉన్నప్పుడు

ఆముదం, సునాముఖి, ఎనిమా వాడరాదు. నవజ్వరంలో విరేచనం కూడదని చరక సంహితే చెబుతున్నది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్లలు తిత్తికి చిల్లుపడే ప్రమాదాన్ని పెంచుతాయి. పారాసిటమాల్ కూడా వైద్యుల సలహాపైనే వాడాలి. గోరువెచ్చని కాపడం ఊరటనిస్తుంది గాని చికిత్స కాదు.

నా వ్యాధి తేలికపాటిదని నిర్ధారించాక వైద్యులు రెండు రోజులు ద్రవాహారం మాత్రమే ఇమ్మన్నారు. వడగట్టిన గంజి, పెసరకట్టు తేట, కొబ్బరినీళ్లు త్రాగాను. నొప్పి తగ్గుముఖం పట్టాక మెత్తని అన్నం, పలుచని మజ్జిగ మొదలుపెట్టాను.

తగ్గిన తరువాత

గృహవైద్యానికి అసలు అదను ఇదే. తోటకూర, బీరకాయ, చిక్కుడు, జామపండు, జొన్నరొట్టె కొద్దికొద్దిగా పెంచుతూ రోజుకు 25 నుండి 35 గ్రాముల పీచు అందేలా చూసుకోవాలి. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది. రాత్రి గ్లాసెడు నీళ్లలో చెంచాడు ఇసబ్‌గోల్ పొట్టు కలిపి వెంటనే త్రాగవచ్చు. నీరు తగ్గితే మాత్రం అదే అడ్డుపడుతుంది. గింజలు తిత్తులలో ఇరుక్కుంటాయన్న భయం వద్దు. దాదాపు 47,000 మంది పురుషులను 18 ఏళ్లపాటు గమనించిన అమెరికా పరిశోధన 2008లో ఆ భయం తీర్చింది. రోజూ నడక, పొగమాన్పు అవసరం. ఆరు నుండి ఎనిమిది వారాల తరువాత కొలనోస్కోపీ అవసరమా అని వైద్యులను అడగాలి. ప్రేగు క్యాన్సర్ కూడా ఇవే లక్షణాలతో దాగి ఉండవచ్చు.

మా ఇంట ఆముదం సీసా ఇప్పటికీ ఉంది. అయితే దాని ప్రక్కనే థర్మామీటరు కూడా ఉంచాము. కడుపునొప్పి అని ఎవరన్నా ముందు చేయి వెళ్లేది దానిపైకే.