ఓవెన్ ఆవిరి శుభ్రత

గోడలో అమర్చే విద్యుత్ ఓవెన్ అడుగున కొద్దిగా నీరు పోసి, వేడిచేసి, ఆ ఆవిరితో జిడ్డును మెత్తబరచే పద్ధతిని '''ఆవిరి శుభ్రత''' అంటారు. మెత్తబడిన జిడ్డును గుడ్డతో తుడవాలి.

== లోపాలు, పరిష్కారాలు ==
* ఓవెన్ వేడిగా ఉంటే చాలా నమూనాలలో ఈ ప్రక్రియ మొదలు కాదు. ముందు చల్లారనివ్వాలి.
* తలుపు చుట్టూ ఉన్న పట్టీ చిరిగితే ఆవిరి బయటకు పోతుంది. పట్టీ మార్చాలి.
* నిజామాబాదు జిల్లాలోని డిచ్‌పల్లి వంటి గ్రానైటు నేలలలో బోరు నీరు తరచుగా కఠినజలమై ఉంటుంది. అది ఆవిరైనపుడు కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లని పొరగా మిగులుతాయి. నీటిలో కలిపిన వెనిగర్‌తో ఈ పొర కరుగుతుంది. స్వేదనజలం వాడితే దాదాపుగా ఏర్పడదు.
* నీరు అసలు వేడెక్కకపోతే అడుగు హీటరు గాని, ఉష్ణోగ్రత సెన్సారు గాని చెడిపోయి ఉండవచ్చు. విద్యుత్ సరఫరా నిలిపివేసి మెకానిక్‌ను పిలవాలి.

తలుపు తెరిచేటపుడు ఆవిరి ముఖానికి తగిలి కాలే ప్రమాదం ఉంది. పక్కకు నిలబడి తెరవాలి.