శిక్షా? శిక్షణా?

అడిక్‌మెట్‌ గల్లీల్లో వాటాకూ వాటాకూ మధ్య ఒక్క గోడే అడ్డం. పక్కవాటాలో పిల్లవాడికి దెబ్బ పడితే ఈ వాటాలో సాయంకాల ప్రార్థన చేసుకుంటున్న వారికి వినిపిస్తుంది. ఆ కొట్టిన తండ్రి ఆదివారం ఆరాధనలో మన వరుసలోనే కూర్చుని పాటలు పాడతాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. పొద్దంతా కష్టపడి, ఫీజులు కట్టి, బిడ్డ బాగుపడాలని కోరుకునేవాడే. బిడ్డను బాగుచేయడానికి తన తండ్రి దగ్గర చూసిన మార్గమే ఆయనకు తెలుసు.

ఇలాంటి తల్లిదండ్రుల కోసం కొన్ని సంఘాల్లో ఆరాధన ముగిశాక తరగతులు నడుస్తుంటాయి. నడిపేది సాధారణంగా సండేస్కూలు టీచరమ్మో, రిటైరైన ఉపాధ్యాయుడో, పాస్టరమ్మగారో. ఆ పరిచర్య చేస్తున్నవారి కోసమే ఈ నాలుగు మాటలు.

తరగతి మొదలైన పది నిమిషాల్లో ఎవరో ఒక తండ్రి తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: 'బెత్తం వాడమని బైబిల్లోనే ఉంది కదండీ?' మేమూ చాలాకాలం దీనికి తేలికైన జవాబే చెప్పాం. కోపంతో కొట్టవద్దు, ప్రేమతో కొట్టండి అనేవాళ్లం. ఒకసారి వెనుక కూర్చున్న ఒక సహోదరి లేచి, 'కోపం లేనప్పుడు కొట్టాలని ఎందుకనిపిస్తుందండీ?' అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. ఇంటికి వెళ్లి బైబిలు మళ్లీ తెరవవలసి వచ్చింది.

సామెతలు 13:24లో మన తెలుగు బైబిలు 'బెత్తము' అన్న చోట హెబ్రీలో ఉన్న మాట 'షేబెత్'. (మన బెత్తానికీ దానికీ చుట్టరికం లేదు, శబ్దం కలిసిందంతే.) 23వ కీర్తనలో దావీదుకు ఆదరణనిచ్చిన 'దుడ్డుకఱ్ఱ' కూడా ఆ షేబెతే. దీన్నిబట్టి కొందరు బోధకులు, అది గొర్రెలను నడిపించే కర్రే తప్ప కొట్టే కర్ర కాదు అంటారు. వినడానికి బాగుంటుంది గాని, సామెతలు 23:13 చదివితే ఆ వివరణ నిలవదు. అక్కడ కొట్టడం గురించే ఉంది. తరగతి నడిపేవారు ఈ వచనాన్ని దాచకూడదు. దాస్తే ఆ తండ్రి రేపు ఇంట్లో బైబిలు తెరిచి, మీరు చెప్పిన మిగతావన్నీ కూడా తోసిపుచ్చుతాడు.

అయితే క్రొత్త నిబంధనలో పౌలు ఈ సంగతిని ఎక్కడ మొదలుపెట్టాడో చూడండి. ఎఫెసీ 6:4లో తండ్రులకు మొదట చెప్పింది చేయమని కాదు, చేయవద్దని. పిల్లలకు కోపం రేపవద్దన్నాడు. కొలస్సీ 3:21లో కారణం కూడా చెప్పాడు, వారి మనసు క్రుంగిపోతుందని. రోమా చట్టం ప్రకారం బిడ్డ మీద తండ్రికి ప్రాణం తీసేంత హక్కు ఉన్న కాలమది. బిడ్డలు లోబడాలని చెప్పేవారు ఆ రోజుల్లో ఎందరో ఉన్నారు. ఇంటి యజమాని చేతికి హద్దు గీయడమే వినేవారికి కొత్తగా ఉండి ఉంటుంది.

ఆ తర్వాతే 'శిక్షలోను బోధలోను' పెంచమన్నాడు. ఈ 'శిక్ష' దగ్గరే తెలుగువాళ్లం తడబడుతున్నాం. గ్రీకులో ఉన్న మాట 'పైదెయా'. బిడ్డను తీర్చిదిద్దే విద్యాభ్యాసమంతా అందులో ఉంది. మన పాత అనువాదకులు శిక్ష అని రాయడం తప్పు కాదు. సంస్కృతంలో శిక్ష అంటే నేర్పడమే. శిక్షణ, శిక్షకుడు అన్న మాటలు అక్కడివే. హిందీలో నేటికీ శిక్షా మంత్రి అంటే విద్యాశాఖ మంత్రి. అపొస్తలుల కార్యములు 22:3లో పౌలు గమలీయేలు పాదాల దగ్గర తాను 'శిక్షితుడ'నయ్యానంటాడు. అంటే దెబ్బలు తిన్నాడని కాదు, చదువుకున్నాడని! అక్కడ గ్రీకులో ఉన్నది ఈ పైదెయాకు సంబంధించిన క్రియే. అయితే లూకా 23:16లో పిలాతు యేసుప్రభువును శిక్షించి విడిచిపెడతానన్నప్పుడు కూడా అదే క్రియ ఉంది. మాటకు రెండు ముఖాలూ ఉన్నాయి. మన ఇంట్లో పిల్లలకు కనిపించేది గమలీయేలా, పిలాతా అని మేము తండ్రులను అడుగుతున్నాం. ఆ ప్రశ్నకు గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోవడం చూశాం.

చట్టం సంగతి కూడా నడిపేవారికి తెలిసి ఉండాలి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఇల్లు వేరు కదా అనుకుంటారు చాలామంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్, బిడ్డ ఎవరి సంరక్షణలో ఉంటే వారు దాడి చేసి అనవసరమైన వేదన కలిగించడాన్ని నేరంగా చూస్తుంది. తల్లిదండ్రులకూ మినహాయింపు లేదు. ఇంకొకటి మరీ ముఖ్యం. తరగతిలో గాని, సండేస్కూల్లో గాని ఒక బిడ్డపై లైంగిక వేధింపు జరిగినట్టు మీకు తెలిస్తే, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం మీ బాధ్యత. సంఘం పరువు పోతుందని పెద్దల మధ్యే సర్దుబాటు చేయడం, మౌనంగా ఉండిపోవడం కూడా నేరమే. ఈ విషయంలో మన సంఘాలు ఇంకా చాలా నేర్చుకోవాలి.

ఇక తరగతి నడపడం. బుధవారం మధ్యాహ్నం పెడితే తల్లులే వస్తారు. పౌలు పేరుపెట్టి పిలిచింది తండ్రులను. కాబట్టి ఆటో నడిపే సహోదరుడికీ, నైట్ డ్యూటీ చేసే సహోదరుడికీ కుదిరే వేళ వెతకండి. ప్రసంగం చేయకండి. 2008లో అమెరికాలో జెన్నిఫర్ కమిన్‌స్కీ బృందం ఇలాంటి కార్యక్రమాలపై జరిగిన 77 అధ్యయనాలను కలిపి పరిశీలించింది. తల్లిదండ్రులు తరగతిలోనే తమ బిడ్డతో అభ్యాసం చేసిన కార్యక్రమాలు ఎక్కువ ఫలితమిచ్చాయని తేలింది. వినిపోయిన మాట కంటే చేసి చూసిన పని నిలుస్తుందన్నమాట. కాబట్టి బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడించండి. మంచి పని చేసినప్పుడు ఏం మెచ్చుకోవాలో, మాట విననప్పుడు ముందే చెప్పిన చిన్న నియమాన్ని అరవకుండా ఎలా అమలుచేయాలో అక్కడే చేయించండి. మొదట్లో అందరూ నవ్వుతారు. నవ్వనివ్వండి.

'మాకు అంత అనుభవం లేదు' అనేవారికి మేరీ సమ్నర్ సంగతి చెబుతుంటాం. 1876లో ఇంగ్లండ్‌లోని ఓల్డ్ ఆల్రెస్‌ఫర్డ్‌ గ్రామంలో పాదిరిగారి భార్యగా ఆమె తల్లులను పోగుచేసింది. తీరా అందరూ వచ్చాక మాట్లాడే ధైర్యం చాలక, వచ్చేవారం రమ్మని పంపేసింది! వారు వచ్చే వారమూ వచ్చారు. అదే మదర్స్ యూనియన్ అయింది. మన దోర్నకల్ ప్రాంతంలో ఆ పనిని బిషప్ అజరయ్యగారి సతీమణి అన్బు ముందుండి నడిపించారు. నేటి సి.ఎస్.ఐ. స్త్రీల మైత్రి కూడికలు ఉన్నచోట తండ్రులను కూడా పిలిస్తే తరగతికి సగం ఏర్పాటు అయిపోయినట్టే.

పాఠాలకు కూడా కొదవలేదు. లండన్‌లోని హోలీ ట్రినిటీ బ్రాంప్టన్ సంఘానికి చెందిన నిక్కీ, సీలా లీ దంపతులు చిన్నపిల్లల తల్లిదండ్రులకు ఒకటి, టీనేజి పిల్లల తల్లిదండ్రులకు ఒకటి కోర్సులు రూపొందించారు. కలిసి భోజనం, కొంచెం బోధ, చిన్న గుంపుల్లో మాటామంతీ అందులోని పద్ధతి. మన ఇళ్లకు సరిపోయేది ఆ పద్ధతే, ఉదాహరణలు మాత్రం మనవి వేసుకోవాలి. మతంతో సంబంధం లేని 'పేరెంటింగ్ ఫర్ లైఫ్‌లాంగ్ హెల్త్' పాఠాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ వంటివి కలిసి తక్కువ ఆదాయమున్న కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని తయారుచేశాయి. అవి ఉచితం. అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తల్లిదండ్రుల శిక్షణపై ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది.

ఒక తరగతిని మాత్రం పరీక్షా ఫలితాలకు ముందే పెట్టండి. నారాయణగూడ కాలేజీలకు, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లకు నడిచివెళ్లే దూరంలో ఉన్నవాళ్లం మనం. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వెలువడ్డాక తెలంగాణలో 20 మందికి పైగా విద్యార్థులను పోగొట్టుకున్నాం. ఫలితాల ప్రక్రియలో పొరపాట్లు జరిగాయని ప్రభుత్వం వేసిన కమిటీయే చెప్పింది. అందుకే ఫలితాల రోజు బిడ్డతో మొదటి మాట ఏమిటో తల్లిదండ్రులు ముందే అనుకుని, తరగతిలో పైకి పలికి చూడాలి. గది గోడకు రెండు నంబర్లు అంటించండి. బిడ్డ ఆపదలో ఉంటే 1098. మనసు బాగోలేకపోతే టెలిమానస్ 14416. రెండూ రాత్రింబగళ్లు పనిచేస్తాయి. టెలిమానస్‌లో తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రార్థన చేస్తున్నాం కదా అని ఫోన్ చేయడం మానవద్దు.

మొదటి తరగతిలో ఏం చేయాలని అడిగేవారికి మా పద్ధతి చెబుతాం. ఒక్కో తండ్రికి ఒక చీటీ ఇస్తాం. మార్కుల ప్రస్తావన లేకుండా బిడ్డతో పది నిమిషాలు మాట్లాడింది ఎప్పుడో రాయమంటాం. పేర్లు రాయించం. చీటీలు పైకి చదవం. వారే జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకువెళతారు.