మైకు ముందు ఏడు నిమిషాలు

మైకు అందుకోగానే గొంతు తడారిపోతుంది, చేతిలో కాగితం వణుకుతుంది. ఆ వణుకు సభంతా చూస్తోందన్న అనుమానం మనల్ని ఇంకాస్త కుంగదీస్తుంది. నిజానికి అంతగా కనిపించదు. సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ఈ సంగతే తేల్చారు. తమ కంగారు ఎంత బయటపడిందని వక్తలు అనుకున్నారో, విన్నవాళ్లకు అంతకన్నా తక్కువే కనిపించింది. ఆ మాట ముందే చెప్పి మాట్లాడిస్తే ప్రసంగమే మెరుగుపడింది. స్టేజీ ఎక్కబోయే ప్రతి పిల్లవాడికీ ఇది చెప్పి పంపాలి.

గుండె దడను అణచుకోనక్కర్లేదు కూడా. హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ‘నేను ప్రశాంతంగా ఉన్నాను’ అని పైకి అన్నవాళ్లకన్నా ‘నాకు ఉత్సాహంగా ఉంది’ అన్నవాళ్లే బాగా మాట్లాడారు.

వ్యక్తిత్వ వికాస తరగతుల్లో తరచూ వినపడే లెక్క ఒకటుంది: వినేవారిపై పడే ప్రభావంలో మాటలకు 7 శాతం, గొంతుకు 38, ముఖానికి 55. దాన్ని నమ్మి విషయాన్ని వదిలేయకండి. 1967లో మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ఆ పరిశీలనలు ఇష్టాయిష్టాలు తెలిపే సందర్భాలకే పరిమితం, ప్రసంగాలకు కాదు.

నేను నమ్మే లెక్క గడియారానిది. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ ప్రసంగ సాధన కోసం మొదలుపెట్టిన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో మామూలు ప్రసంగానికి 5 నుంచి 7 నిమిషాలు. ఐదో నిమిషానికి ఆకుపచ్చ దీపం, ఆరుకు పసుపు, ఏడుకు ఎరుపు. ‘ఆ...’ అని ఎన్నిసార్లు సాగదీశారో లెక్కపెట్టడానికే ఒక మనిషి ఉంటారు. మన సభల్లోనో? ‘వేదికనలంకరించిన పెద్దలకు’ అని మొదలుపెట్టి, ఒక్కొక్కరి పేరూ హోదా చెప్పి, మరిచిపోయినవారికి క్షమాపణ చెప్పేసరికే రెండు నిమిషాలు దాటుతాయి. జనం సెల్‌ఫోన్లు తీసేది అప్పుడే. ‘అందరికీ నమస్కారం’ చాలు. వెంటనే అసలు సంగతిలోకి వచ్చేయండి.

నిమిషానికి ఇన్ని మాటలని ఇంగ్లిష్ పుస్తకాలు చెప్పే కొలత మనకు పనికిరాదు. ‘వెళ్లలేకపోయాను’ అని మనం ఒక్క మాటలో అనేదానికి ఇంగ్లిష్‌లో నాలుగైదు మాటలు కావాలి. అందుకే కొలత మీ గొంతుతోనే తీసుకోవాలి. ఈసారి ఏ పదవీ విరమణ సభకో పిలుపొస్తే, ఫోన్లో టైమర్ పెట్టుకుని, ఇంట్లో నిలబడి, గట్టిగా మూడుసార్లు చెప్పి చూడండి. ఏడు నిమిషాలు దాటితే మధ్యలో ఒక సంగతి తీసేయండి, వేగం మాత్రం పెంచకండి.